ఆ గామా కిరణాల చిరునామాలు ఖోడద్‌లో దొరుకుతున్నాయి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అంతుచిక్కని గామా కిరణాల (ఎక్స్ కిరణాల కన్నా శక్తి ఎక్కువున్న కాంతి) గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆకాశంలో వేల చోట్ల నుంచి గామా కిరణాలు వస్తున్నాయని, అవి ఎక్కడివో శాస్త్రవేత్తలకే తెలియదని, గ్రహాంతరవాసుల పని కావచ్చని కొందరు అనుకుంటున్నారని అందులో ఉంది. ఆ కొందరు ఎవరో రాయలేదు. పక్కన ఎగిరే పళ్లెం బొమ్మ మాత్రం పెద్దదిగా వేశారు. నా ఉత్తరం పొడవుగా ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి. ఆ వ్యాసం సగం దగ్గరే ఆగిపోయింది. మిగతా సగం జరుగుతున్నది పుణెకు ఉత్తరాన, దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖోడద్ అనే పల్లె పొలాల్లో. అది మన దేశంవాళ్లు చేస్తున్న పని, అందులోనూ గొప్ప పని. తెలుగు పాఠకుడికి దాన్ని చెప్పకుండా వదిలేయడం నాకు బాధ కలిగించింది.

నేను ఆకాశవాణి ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసు చాలావరకు కడపలోనే, 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ దగ్గర గడిచింది. రేడియో తరంగం దారిలో ఏమవుతుందో, ఉరుముల రోజు రిసీవర్‌లో గరగర ఎందుకు పెరుగుతుందో, ఆ గరగరలోంచి మనకు కావలసిన సిగ్నల్‌ను ఎలా విడదీయాలో ఆ ఉద్యోగమే నేర్పింది. రిటైరయ్యాక ఆకాశం నుంచి వచ్చే రేడియో గురించి చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా చదువంతా అదే.

ముందు లెక్కలు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2008 జూన్ 11న ఫెర్మి ఉపగ్రహాన్ని పంపింది. ఇటలీ, ఫ్రాన్స్, జపాన్, స్వీడన్ శాస్త్రవేత్తలు కూడా దాన్ని కట్టడంలో ఉన్నారు. అది మూడు గంటలకోసారి ఆకాశమంతా చూసేస్తుంది. మొదటి పదకొండు నెలల పరిశీలనతో వేసిన జాబితాలో 1451 గామా మూలాలు, అంటే గామా కిరణాలు వచ్చే చోట్లు, ఉన్నాయి, వాటిలో 630 ఏమిటో తెలియలేదు. ఎనిమిదేళ్ల పరిశీలనతో వేసిన నాలుగో జాబితాలో 5064 ఉన్నాయి, తెలియనివి 1336. అంటే మొదట నూటికి 43, తర్వాత నూటికి 26. జాబితా పెరిగినకొద్దీ మరింత మసకవి వచ్చి చేరతాయి కాబట్టి తెలియనివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. అయినా వాటి వంతు తగ్గుతూ వచ్చింది. ఎవరో కూర్చుని ఒక్కొక్కదాన్నీ తేలిస్తేనే అలా తగ్గుతుంది. మీ వ్యాసం 'వేల కిరణాలు, ఎవరికీ తెలియదు' అనడంతో ఈ తేల్చిన పని మొత్తం మాయమైంది.

ఫెర్మికి ముందు పరిస్థితి ఇంకా కష్టంగా ఉండేది. 1991లో వెళ్లిన కాంప్టన్ ఉపగ్రహంలోని ఈగ్రెట్ అనే పరికరం చివరికి ఇచ్చిన జాబితాలో 271 మూలాలుంటే 170 ఏమిటో తెలియదు. జెమింగా అనే ఒక్క మూలం సంగతి చూడండి. 1972లో పంపిన సాస్-2 ఉపగ్రహం దాన్ని మొదట గుర్తించింది. అది న్యూట్రాన్ నక్షత్రమని (పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే చిన్న, అతి బరువైన ముద్ద), సెకనుకు నాలుగుసార్లకు పైగా తిరుగుతోందని తేలింది 1992లో. ఒక్క చుక్క ఏమిటో తెలుసుకోవడానికి ఇరవై ఏళ్లు! అది కూడా రేడియోలో దాదాపు మూగదిగా ఉండబట్టే అంత ఆలస్యం. రేడియోలో పలికే వాటిని ఈ రోజుల్లో కొన్ని నెలల్లో, మహా అయితే కొన్నేళ్లలో తేలుస్తున్నారు. అది ఎలాగో మీ పాఠకులకు చెప్పాలనే నా తపన.

గామా కిరణాన్ని మామూలు అద్దంతో, కటకంతో ఒక చోట కేంద్రీకరించలేం. ఫెర్మిలో టంగ్‌స్టన్ రేకులు దొంతరగా ఉంటాయి. గామా ఫోటాన్, అంటే ఒక్క కాంతి రేణువు, వచ్చి ఏదో ఒక రేకులో ఎలక్ట్రాన్‌గా, పాజిట్రాన్‌గా విడిపోతుంది. ఆ రెండూ వెళ్లిన బాటను సిలికాన్ పలకలు నమోదు చేస్తాయి. ఆ బాటను వెనక్కి గీసి ఫోటాన్ ఎటు నుంచి వచ్చిందో లెక్కవేస్తారు. తక్కువ శక్తి ఉన్న ఫోటాన్ అయితే ఆ దిక్కు డిగ్రీలకు డిగ్రీలు తప్పుతుంది. నిండు చంద్రుడి వెడల్పే అర డిగ్రీ. ఏళ్ల తరబడి వందల ఫోటాన్లు పోగుచేసి సగటు తీసినా, మసక మూలం ఎక్కడుందో డిగ్రీలో పదో వంతు తేడాతోనే చెప్పగలరు. ఆ కాస్త జాగాలో నక్షత్రాలు, గెలాక్సీలు లెక్కలేనన్ని. వాటిలో ఏది? ఫెర్మి ఇచ్చేది పిన్‌కోడ్, డోర్ నంబరు రేడియో చెప్పాలి.

రేడియోకు ఆ శక్తి ఎక్కడిదంటే, దూరదూరంగా ఉన్న యాంటెన్నాల సిగ్నళ్లను కలిపి చూసే పద్ధతి వల్ల. యాంటెన్నాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే దిక్కు అంత కచ్చితంగా తెలుస్తుంది. ఖోడద్‌లోని జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల వ్యాసం ఉన్న యాంటెన్నాలు 30 ఉన్నాయి. 14 మధ్యలో ఒక కిలోమీటరు జాగాలో గుంపుగా, మిగతా 16 మూడు చేతులుగా పల్లెల మీదుగా పరుచుకుని ఉంటాయి. ఆ కొసకూ ఈ కొసకూ 25 కిలోమీటర్లు. కట్టింది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్, నడిపించిన పెద్దాయన గోవింద్ స్వరూప్. అంతకుముందు ఊటీ కొండవాలు మీద 530 మీటర్ల పొడవు రేడియో టెలిస్కోపు కట్టింది కూడా ఆయన బృందమే.

మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తోంది. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి ఖోడద్‌లో జనాన్ని లోపలికి రానిస్తారని విని ఒక ఏడాది ఆ సమయానికే వెళ్లాను. నారాయణ్‌గావ్ దాటితే ద్రాక్ష తోటలు, టమాటా చేలు. చేల మీదుగా యాంటెన్నాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి తలెత్తితే ఆ డిష్ గుండా ఆకాశం కనబడింది. రేకు ఎక్కడా లేదు, అంతా స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల వల. మీటరు పొడవు తరంగానికి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల కంతలు అడ్డురావు, వల దాన్ని తిన్నగా వెనక్కి కొడుతుంది. గాలి మాత్రం వలలోంచి దూసుకుపోతుంది. అందుకే అంత పెద్ద డిష్ తక్కువ ఉక్కుతో, తక్కువ ఖర్చుతో నిలబడింది. తాళ్లలా బిగించిన ఉక్కు తీగల మీద వలను పరిచే ఆ డిజైన్ పూర్తిగా మనవాళ్ల బుర్రలో పుట్టింది. పైన ఫోకస్ దగ్గర తిరిగే పెట్టె ఒకటి ఉంటుంది. దానికి నాలుగు ముఖాలు, ఏ బ్యాండ్ వినాలంటే ఆ ముఖాన్ని డిష్ వైపు తిప్పుతారు. జీవితమంతా సిగ్నల్ పంపే కొస దగ్గర పనిచేసినదాన్ని. వినే కొసలో ఇంత శ్రద్ధ చూసేసరికి నాకు కళ్లు చెమర్చాయి. చుట్టూ మరాఠీ బడి పిల్లలు, వాళ్లు చేసి తెచ్చిన ప్రయోగాలు, ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన రైతులు. మన జిల్లాల నుంచి వచ్చిన బడి బస్సు ఒక్కటీ నాకు కనబడలేదు.

ఇక గామా మూలాల సంగతికి వస్తాను. ఫెర్మి చూసినవాటిలో ఎక్కువ భాగం బ్లేజార్లు. దూరపు గెలాక్సీల నడుమ ఉన్న భారీ కృష్ణబిలాల నుంచి పదార్థం ధారగా మనవైపే దూసుకువస్తుంటే అవి బ్లేజార్లుగా కనిపిస్తాయి. నాలుగో జాబితాలో ఇవి 3130కి పైగా ఉన్నాయి. పల్సర్లు, అంటే గిర్రున తిరుగుతూ లైట్‌హౌస్‌లా చుట్టుకోసారి మనవైపు కిరణం విసిరే న్యూట్రాన్ నక్షత్రాలు, 239. రెండూ రేడియోలో పలుకుతాయి, కానీ పలికే తీరు వేరు. బ్లేజార్ పెద్ద ఫ్రీక్వెన్సీల్లోనూ చిన్న ఫ్రీక్వెన్సీల్లోనూ ఇంచుమించు ఒకే బలంతో ఉంటుంది. పల్సర్ చిన్న ఫ్రీక్వెన్సీల్లో గట్టిగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ గబగబా తగ్గిపోతుంది. గామాలో కూడా తేడా ఉంది. బ్లేజార్ వెలుగు నెలనెలా ఎగిరి పడుతుంటుంది, పల్సర్‌ది నిలకడగా ఉండి కొన్ని గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఫోటాన్ శక్తికి కొలత) తర్వాత ఒక్కసారిగా కిందికి వంగుతుంది. ఈ లక్షణాలు చూసి ఇది పల్సర్ కావచ్చు అనుకున్న చోటికి రేడియో యాంటెన్నాలు తిప్పుతారు.

2011లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపుతో ఇలా 25 ప్రకాశవంతమైన గుర్తు తెలియని మూలాలను వెతికితే మూడు మిల్లీసెకను పల్సర్లు దొరికాయి. సెకనుకు వందలసార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలను మిల్లీసెకను పల్సర్లంటారు. వీటిలో మొదటిదాన్ని 1982లో కనిపెట్టిన బృందంలో మన హుబ్బళ్లిలో పెరిగిన శ్రీనివాస్ కులకర్ణి ఉన్నారు. గ్రీన్ బ్యాంక్ ఫలితం వచ్చాక ప్రపంచంలోని పెద్ద రేడియో టెలిస్కోపులన్నీ ఫెర్మి జాబితా పట్టుకుని పనిలో దిగాయి. ఖోడద్‌ది అందులో ప్రత్యేక స్థానం. ఎందుకంటే పల్సర్ గట్టిగా పలికే చిన్న ఫ్రీక్వెన్సీలే ఈ టెలిస్కోపు సొంత ఇలాకా. పైగా 322 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో డిష్ ఒక డిగ్రీ కన్నా వెడల్పు ఆకాశాన్ని ఒకేసారి చూస్తుంది, ఫెర్మి చెప్పిన జాగా మొత్తం అందులో ఇమిడిపోతుంది. పల్సర్ ఉందని తేలాక అవే యాంటెన్నాలను వేరే పద్ధతిలో కలిపి, బొమ్మ గీసి, చోటు కచ్చితంగా తేలుస్తారు. వెతకడం, చోటు పట్టడం రెండూ ఒకే టెలిస్కోపుతో అయిపోతాయి.

2013లో భాస్వతీ భట్టాచార్య, వారి సహచరులు ఇలా కనిపెట్టిన పల్సర్ జె1544+4937. 2.16 మిల్లీసెకన్లకు ఒక చుట్టు. దాని చుట్టూ ఒక చిన్న తోడు 2.9 గంటలకోసారి తిరుగుతుంది. ఆ తోడు బరువు సూర్యుడి బరువులో యాభయ్యో వంతు చుట్టుపక్కల. పల్సర్ చిమ్మే రేణువుల గాలికి అది ఆవిరైపోతూ ఉంటుంది. 322 మెగాహెర్ట్జ్‌లో వింటే కక్ష్యలో 13 శాతం సేపు పల్సర్ గొంతు ఆగిపోతుంది, 607 మెగాహెర్ట్జ్‌లో వింటే అప్పుడు కూడా వినబడుతుంది. అంటే అడ్డం వచ్చింది రాయిలాంటి గట్టి వస్తువైతే రెండు ఫ్రీక్వెన్సీలూ ఆగాలి, ఇక్కడ ఆపుతున్నది ఆవిరి. ఫ్రీక్వెన్సీ మార్చి వినడం వల్లనే ఆ విషయం తెలిసింది. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇలాంటిది చదివితే కలిగే ఆనందం మాటల్లో పెట్టలేను.

దీనికన్నా నన్ను కట్టిపడేసినది ఇంకొకటి ఉంది. సెంటారస్ నక్షత్ర మండలంలో ఎక్స్ కిరణాలు చిమ్మే ఒక జంట తార ఉంది. ఫెర్మి మొదటి జాబితాలో అక్కడే ఒక గామా మూలం కనబడింది. పక్కనున్న నక్షత్రం నుంచి పదార్థం జారి ఒక పళ్లెంలా చుట్టుకుని న్యూట్రాన్ నక్షత్రం మీద పడుతోందని అనుకునేవారు. 2012 చివర్లో ఒక్కసారిగా ఎక్స్ కిరణాలు తగ్గిపోయాయి, కంటికి కనిపించే వెలుగు కూడా తగ్గింది, ఆ పళ్లెం గుర్తులు మాయమయ్యాయి. పదార్థం పడటం ఆగిపోతే ఆ న్యూట్రాన్ నక్షత్రం రేడియో పల్సర్‌గా మేలుకోవాలి కదా? జయంత రాయ్ బృందం ఖోడద్ యాంటెన్నాలను 607 మెగాహెర్ట్జ్‌లో అటు తిప్పింది. 1.69 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున రేడియో స్పందనలు (నాడి కొట్టుకున్నట్టు వచ్చే పల్స్‌లు) దొరికాయి. సెకనుకు దాదాపు 590 చుట్లు. ఎక్స్ కిరణాల దశ నుంచి రేడియో పల్సర్ దశకు, అటు నుంచి ఇటు మారే వ్యవస్థల్లో అది అప్పటికి మూడోది మాత్రమే. 2015లో ఆ ఫలితం అచ్చయింది.

ఆ పని ఎంత కష్టమో మీ పాఠకులకు అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క చెప్పాలి. నక్షత్రాల మధ్య ఖాళీ అనుకునే చోట పలచగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటి గుండా వచ్చేటప్పుడు పెద్ద ఫ్రీక్వెన్సీ ముందు చేరుతుంది, చిన్న ఫ్రీక్వెన్సీ వెనకబడుతుంది. ఈ పల్సర్‌కు వాళ్లు కొలిచిన ఎలక్ట్రాన్ల మొత్తాన్ని పెట్టి నేను లెక్కకట్టాను. 607 మెగాహెర్ట్జ్ దగ్గర 32 మెగాహెర్ట్జ్ వెడల్పున్న పట్టీ తీసుకుంటే, దాని పై అంచు చేరాక కింది అంచు దాదాపు 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ లోపల నక్షత్రం 30 చుట్లు తిరిగేస్తుంది. సరిచేయకుండా వింటే ఒక స్పందన ఇంకోదాని మీద పడి అంతా ఒకటే గరగర. ఆలస్యం ఎంతో ముందు తెలియదు కాబట్టి వందల విలువలు పెట్టి ఒక్కోదానికీ మొత్తం రికార్డింగును సరిచేసి చూడాలి. పైగా ఆ పల్సర్ జంటలో తిరుగుతోంది. మనవైపు వస్తున్నప్పుడు స్పందనలు దగ్గరవుతాయి, అవతలికి పోతున్నప్పుడు దూరమవుతాయి. దానికీ విలువలు మార్చి మార్చి చూడాలి. దీనికి తోడు 607 మెగాహెర్ట్జ్‌లో కక్ష్యలో దాదాపు 40 శాతం సేపు పల్సర్ కనుమరుగు. ఆ గంటల్లో వింటే ఏమీ ఉండదు, వాళ్లు నిరాశపడి వదిలేసినా తప్పు పట్టలేం. ఖోడద్ నుంచి చూస్తే ఈ తార దక్షిణాన 22 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. మా కడపలో ఇంకో నాలుగైదు డిగ్రీలు పైకి వస్తుంది. చైత్ర మాసపు అర్ధరాత్రుల్లో మేడ మీద నుంచి ఆ వైపు చూస్తుంటాను. ఆ జంటను కంటితో చూడలేం, అయినా ఎక్కడుందో తెలుసు.

రేడియోలో ఒకసారి పల్సర్ దొరికాక గామా వైపు ఏం జరుగుతుందో అది మరీ అపురూపం. కొన్ని నెలలు, ఏళ్లు ఆ పల్సర్‌ను రేడియోలో వింటూ ప్రతి చుట్టునూ లెక్కలో పెడతారు. అప్పుడు ఫెర్మి నాలుగైదేళ్ల కింద పట్టిన ఫోటాన్లను కూడా బయటికి తీసి, ఏ ఫోటాన్ వచ్చినప్పుడు నక్షత్రం ఎటు తిరిగి ఉందో లెక్కవేసి పేర్చుతారు. ఎప్పుడో వచ్చి, దేనివో తెలియక పడి ఉన్న ఫోటాన్లు అలా పేర్చేసరికి తీరైన స్పందనగా లేస్తాయి. అప్పుడే ఆ గామా మూలం ఈ పల్సరే అని గట్టిగా చెప్పగలరు. అంతకుముందు చెప్పేదంతా ఊహ. ఫెర్మి మూలాలను రేడియోలో వెతకడం వల్ల 100కు పైగా మిల్లీసెకను పల్సర్లు ఇప్పటివరకు దొరికాయి. 2023లో వచ్చిన మూడో గామా పల్సర్ల జాబితాలో మొత్తం 294 ఉన్నాయి.

వేరే దేశాల పని కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ 64 డిష్‌లతో 79 మూలాలను చూసి, ఒక్కోదానికీ పది నిమిషాల చొప్పున రెండుసార్లు మాత్రమే కేటాయించి, తొమ్మిది కొత్త పల్సర్లు పట్టింది. నెదర్లాండ్స్‌లోని లోఫార్ 135 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల వింటూ ఒక ఫెర్మి మూలంలో సెకనుకు 707 సార్లు తిరిగే పల్సర్‌ను కనిపెట్టింది. దాని బరువు సూర్యుడికి 2.35 రెట్లని 2022లో లెక్కగట్టారు, న్యూట్రాన్ నక్షత్రం ఎంత బరువు దాకా కూలకుండా నిలబడగలదనే ప్రశ్నకు ఆ ఒక్క కొలత ఎంతో విలువైనది. అలాగే మన టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్‌లో ఆకాశంలో 90 శాతం చిత్రించి పెట్టిన సర్వే ఉంది. దాన్ని పైఫ్రీక్వెన్సీల సర్వేలతో పోల్చి, కింద గట్టిగా ఉండి పైన మాయమయ్యే చుక్కల కోసం వెతికినవాళ్లకు 11 ఫెర్మి మూలాల దిక్కులో అలాంటివి కనబడ్డాయి. ఖోడద్ బొమ్మలు ప్రపంచం మొత్తానికి ఇలా పనికొస్తున్నాయి.

దీనివల్ల మనకేం లాభం అని మీ పాఠకులు అడుగుతారు. అడగడం న్యాయమే. ఈ మిల్లీసెకను పల్సర్లు ఎంత నిలకడగా తిరుగుతాయంటే, కొన్నిటిని కలిపి ఏళ్ల తరబడి గడియారాలుగా వాడి గురుత్వ తరంగాలను (భారీ వస్తువుల కదలికతో దేశకాలంలో పుట్టే అలలు) వెతుకుతున్నారు. 2023 జూన్‌లో అలాంటి తరంగాల ఆనవాళ్లు దొరికాయని ప్రపంచమంతా ప్రకటించినప్పుడు, యూరప్ బృందంతో కలిసి ప్రకటించిన ఇండియన్ పల్సర్ టైమింగ్ అరే వాళ్లు వాడింది ఈ ఖోడద్ టెలిస్కోపే. ఆ బృందంలో మన ఐఐటీ హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. ఆ వార్త వచ్చిన రోజు తెలుగు పత్రికల్లో ఐఐటీ హైదరాబాద్ పేరు కోసం వెతుక్కున్నాను, నేను చూసిన వాటిలో కనబడలేదు. గామా వైపు చూసినా మనవాళ్లున్నారు. లద్దాఖ్‌లోని హాన్లేలో 4300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల మేస్ గామా టెలిస్కోపును 2024 అక్టోబరు 4న ప్రారంభించారు. భాభా అణు పరిశోధన కేంద్రం దాన్ని కట్టడంలో తోడు నిలిచిన సంస్థ హైదరాబాద్ ఈసీఐఎల్. ఒకప్పుడు నిజామియా అబ్జర్వేటరీ ఆకాశంలో తనకిచ్చిన పట్టీలో నక్షత్రాల చోట్లు కొలిచి అంతర్జాతీయ పటానికి ఇచ్చింది. చుక్కకు చిరునామా రాయడం హైదరాబాద్‌కు శతాబ్దం నాటి విద్య.

ఇంకొక సంగతి, దీన్ని మీ సంపాదకీయ పేజీలో చర్చకు పెట్టమని కోరుతున్నాను. ఖోడద్ వినే ఫ్రీక్వెన్సీలు 120 నుంచి 1450 మెగాహెర్ట్జ్ దాకా. ఎఫ్ఎం దానికి కొంచెం కిందే ఉంది, మొబైల్ ఫోన్ల 900 మెగాహెర్ట్జ్ పట్టీ సరిగ్గా మధ్యలో ఉంది. పల్సర్ నుంచి వచ్చే బలంతో పోలిస్తే పొలంలో రైతు జేబులోని ఫోను కోట్ల రెట్లు బలమైనది. నేను వెళ్లినప్పుడు లోపల ఫోన్లు ఆపేయమన్నారు, అందరం ఆపేశాం. కానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోజూ బతకాలి. పుణె, నాసిక్ మధ్య కొత్త రైలు మార్గం ఆ ప్రాంతం గుండా వెళ్తే టెలిస్కోపుకు ఇబ్బంది అని అభ్యంతరం వచ్చి, మార్గం మార్చడం మీద పెద్ద చర్చ నడిచింది. నారాయణ్‌గావ్ టమాటా రైతుకు రైలు కావాలి. అందులో సందేహం లేదు. నా అభిప్రాయం అడిగితే, రైలు మార్గానికి ఇంకో దారి వెతకవచ్చు. పాతికేళ్ల పైబడి సర్దుకుంటూ వచ్చిన 30 యాంటెన్నాలను ఎత్తి ఇంకో నిశ్శబ్దమైన చోట పెట్టలేం, అలాంటి చోటు దేశంలో మిగిలిందా అనేది కూడా ప్రశ్నే. అయితే ఆ నష్టాన్ని ఆ ఊళ్లవాళ్ల మీదే వదిలేయకుండా వేరే రవాణా సదుపాయం ప్రభుత్వమే కల్పించాలి. ప్రసార రంగంలో పనిచేసినవాళ్లం ఫ్రీక్వెన్సీ విలువ తెలిసి మాట్లాడుతున్నాం. ఒకసారి గోలతో నిండిన బ్యాండ్ మళ్లీ శుభ్రపడటం నేను నా సర్వీసులో చూడలేదు.

మీ పత్రికను మూడు కోరికలు కోరుతున్నాను. మీ విలేకరిని ఒకరిని వచ్చే ఫిబ్రవరి 28కి ఖోడద్ పంపండి. అక్కడ పనిచేస్తున్నవాళ్లతో మాట్లాడించి, వాళ్ల పేర్లతో, వాళ్లు కనిపెట్టినవాటితో ఒక పేజీ వేయండి. ఆ వ్యాసానికి సవరణగా ఫెర్మి జాబితాల లెక్కలు అచ్చువేయండి. మూడోది మీ విద్యా పేజీకి. ఫెర్మి పట్టే ఫోటాన్ల వివరాలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. 150 మెగాహెర్ట్జ్ సర్వే బొమ్మలూ ఉచితమే. ఫెర్మి డేటాలో పల్సర్లను వెతికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌కు ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటరును అప్పగించవచ్చు, అది ఇప్పటికే ఎన్నో పల్సర్లను పట్టింది. మన దేశంలోనే ర్యాడ్ ఎట్ హోమ్ అనే బృందం కాలేజీ పిల్లలకు ఖోడద్ బొమ్మలు చదవడం నేర్పుతోంది. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో ఒక చోట అచ్చయితే ఎందరో బీఎస్సీ విద్యార్థులకు దారి దొరుకుతుంది.

మా వీధిలో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్న అమ్మాయిలు ఇద్దరు సాయంత్రాలు మా ఇంటికి వస్తారు. నాలుగో జాబితాలో గుర్తు తెలియని మూలం ఒకటి తీసుకుంటాం, అది ఎక్కడుందో ఫెర్మి గీసిన అండాకారాన్ని 150 మెగాహెర్ట్జ్ బొమ్మ మీద పెడతాం, లోపల పడిన చుక్కలు పై ఫ్రీక్వెన్సీ సర్వేలో ఉన్నాయో లేవో చూసి పట్టిక రాస్తాం. వాళ్లిద్దరూ ఇప్పుడు వాలు సూచికను, అంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బలం ఎంత గబగబా తగ్గుతుందో చెప్పే అంకెను, కాగితం మీద చేత్తో లెక్కకట్టగలరు. ఈ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా బొమ్మలతో సహా తెలుగులో రాసి పెట్టుకున్నాం. మీరు వేస్తామంటే మీ విద్యా పేజీకి పంపిస్తాను. పారితోషికం ఏమీ అక్కర్లేదు, ఆ ఇద్దరమ్మాయిల పేర్లు మాత్రం వ్యాసం కింద వేయాలి.

భవదీయురాలు,
ఆకాశవాణి విశ్రాంత ఇంజనీరింగ్ ఉద్యోగిని,
కడప